ఒక్క టక్

ఉదయం ఐదున్నర. బల్లరాట్‌లో జూలై.
గడ్డి మీద ఎవరో ఉప్పు చల్లిపోయినట్టు మంచు.
తాళం తిప్పాను.
టక్.
అంతే. ఒక్క టక్.
తలుపు వెనక గొంతు సవరించుకుని
ఎంత పిలిచినా బయటికి రాని మనిషిలా.

పదిహేడేళ్ళ కరోలా. గేర్లది.
నెట్టి స్టార్ట్ చేద్దామంటే
మా సందు చపాతీ పీటంత చదును.
ఎనిమిదికి రొట్టెల ఫ్యాక్టరీలో షిఫ్టు,
టో ట్రక్కు వాడు చెప్పింది నూట ఎనభై డాలర్లు,
పర్సులో ఉన్నది గురువారం దాకా లెక్క.

పాత సామాన్ల అమ్మకంలో నాలుగు డాలర్లకి కొన్న మల్టీమీటర్ తీశాను.
ముందు బ్యాటరీ.
ఇంట్లో గ్లాసు పగిలితే చిన్నదాన్నే అడిగినట్టు
అందరూ ముందు దాన్నే అనుమానిస్తారు.
పన్నెండు పాయింట్ ఆరు. పాపం, ఏ తప్పూ లేదు.

తన్మయిని లేపాను.
పదకొండేళ్ళు, పైజమా మీద నా కోటు,
నిద్ర ఇంకా ఒక కంట్లోనే ఉంది.
తాళంచెవి చేతిలో పెట్టేసరికి రెండో కన్ను కూడా తెరుచుకుంది.
"నిజంగా నేనా?"
"నువ్వే. నేను చెప్పినప్పుడు మాత్రమే."

హెడ్‌లైట్లు వేయించి తిప్పమన్నాను.
టక్.
ఎదురింటి కంచె మీద వెలుగు
కాస్తయినా తగ్గలేదు.
లాగాల్సిన వాడు తాడు లాగట్లేదన్నమాట.

గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో రెండుసార్లు చూసి,
చక్రాల కింద ఇటుకలు పెట్టి,
అట్టముక్క పరుచుకుని కిందికి దూరాను.
వీపుకి నేల చల్లగా తన పేరు చెప్పింది.
మోటారు లావు బోల్టు దగ్గర పన్నెండున్నర.
సన్న తీగ దగ్గర, తాళం తిప్పినప్పుడల్లా, పదకొండు దాటి.
పిలుపు అందింది. విస్తరి వేశారు, అన్నం వడ్డించారు.
ముందు కూర్చుని
చెయ్యి మాత్రం కదపదు.

ఈలోగా మిసెస్ కెల్లహర్ వచ్చింది,
డ్రెస్సింగ్ గౌనూ, గమ్ బూట్లూ, చేతిలో సుత్తి.
ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి,
ఆ టక్ తన పడకగదిలోంచే గుర్తుపట్టిందట.
"మెల్లిగా కొట్టు," అంది,
"అప్పు అడగడానికి వెళ్ళినవాళ్ళు తలుపు కొట్టినట్టు."

మూడు దెబ్బలు.
"తిప్పు!"
కారు ఒళ్ళంతా దులుపుకుని లేచింది.
దెబ్బకి దెయ్యం వదిలింది, అన్నాను పైకే, తెలుగులో.
అంటే ఏమిటని అడిగింది. చెప్పాను.
"దెయ్యం కాదమ్మా, కార్బన్ బ్రష్‌లు,"
అని సుత్తి తీసుకుని టీ పెట్టుకోడానికి వెళ్ళిపోయింది.

ఆ మూడు రోజులూ వాలు ఉన్న వీధుల్లోనే బతికాను.
ఫ్యాక్టరీ వెనక వాలు, లైబ్రరీ పక్క వాలు.
కూరగాయలు కూడా కొండ మీది కొట్లోనే, కిలోకి డాలరు ఎక్కువ పెట్టి.

శనివారం.
బ్యాటరీ నెగటివ్ తీగ ముందు విప్పి,
రెండు బోల్టులు తీస్తే
మోటారు ఒళ్ళోకి జారింది, అప్పుడే పుట్టిన బిడ్డంత బరువు.
మూత తీశాను. నల్లటి పొడి.
నాలుగు బ్రష్‌లు ఉండాల్సిన చోట
రెండు ముక్కలూ, రెండు గోళ్ళంత పెంకులూ.
తిరిగే రాగిని తాకి తాకి
ఇక అందనంత పొట్టివైపోయాయి.
సుత్తి దెబ్బకి ఒక్కసారి మునివేళ్ళ మీద నిలబడ్డాయి, అంతే.

కొత్త సెట్టు ఇరవై రెండు డాలర్లు.
సాయంత్రానికి తిప్పితే
టక్ వినపడే లోపలే ఇంజన్ అందుకుంది.
నేను చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి
తాళం మూడుసార్లు, ఊరికే, తిప్పాను.

పాత బ్రష్‌లు పారేద్దామని చూస్తే డబ్బాలో లేవు.
తన్మయి డ్రైవ్‌వే మీద ఒకదానితో గీతలు గీస్తోంది.
బాగానే రాస్తోంది అది, పెన్సిల్‌లా, బూడిదరంగులో.
ఎనిమిది గళ్ళు.
తొక్కుడుబిళ్ళ నేను ఎప్పుడు నేర్పానో గుర్తులేదు.
రెండో ముక్కని గురిచూసి విసిరింది.
మూడో గడిలో పడింది,
టక్.